కెమిస్ట్రీ మేడమ్ హాజరు

చచ్చిపోయిన స్నేహితురాలి వేలిముద్రను నా బొటనవేలికి తొడుక్కొని, ఆమె హాజరు నేనే వేశాను. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మెల్లగా చెబుదామని మొదలుపెట్టిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట తప్పించుకున్నాను. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని మా గల్లీలో పేరు. కూరగాయల బండి దగ్గర పావుకిలో మిరపకాయల్లో రెండు తక్కువైనా లొల్లి పెట్టే మనిషిని. ఆ రోజు మాత్రం నోరు మెదపలేదు.

మా బాపు నయాపూల్ దగ్గర కోర్టు గోడవార టైపు మిషన్ పెట్టుకొని ముప్పై ఏళ్ళు అఫిడవిట్లు కొట్టాడు. కాగితం లేక ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళను, కాగితం చూపించి పక్కవాడి ఇల్లు మింగినవాళ్ళను చూసి చూసి, ఆయనకు మనుషుల మీద కంటే కాగితాల మీదే గురి ఎక్కువ. ఇంగ్లిష్‌లో పీహెచ్‌డీ పూర్తిచేసిన నాకు ప్రైవేటు యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చిందని చెబితే జీతమెంతని అడగలేదు.

“ఒరిజినల్స్ అడిగిండ్రా?” అన్నాడు.

“అందరి దగ్గర తీస్కుంటరంట బాపు.”

“ఇయ్యకు. జిరాక్సులియ్యి. ఒరిజినల్ ఇచ్చినోడు తలకాయ కోసిచ్చినట్టే బిడ్డా. ఇంక వాళ్లు ఎట్ల ఆడిస్తే గట్ల ఆడాలె.”

ఇవ్వకపోతే ఉద్యోగంలో చేర్చుకోం అన్నారు. ఇచ్చాను. పదో తరగతి మెమో నుంచి పీహెచ్‌డీ పట్టా దాకా అన్నీ ఒక ఆకుపచ్చ కవర్లో పెట్టి ఇనప బీరువాలోకి తోశారు. ఆ సెక్షన్ చూసే క్లర్కు శాలిబండ నుంచి వచ్చే పెద్దాయన. కళ్ళకు శుక్లాలు ముదిరి, మనిషి ముఖం వైపు చూడడం ఎప్పుడో మానేశాడు. మెడలో వేలాడే కార్డును పట్టుకొని కంటి దగ్గరికి లాక్కొని చదివేవాడు. “ఫికర్ నక్కో బేటీ, ఈ బీరువాల పెట్టింది ఏదీ బయటికి పోదు” అన్నాడు. ధైర్యం చెప్పాడనుకున్నాను.

ఆ రోజే ఇంకొకటి కూడా తీసుకున్నారు. ఆఫీసులో ఒక అమ్మాయి గోరువెచ్చని మైనం ముద్ద తెచ్చి, బొటనవేలు గుచ్చమంది. “వేలిముద్రల మిషన్ ఒక్కోసారి మొండికేస్తది మేడమ్, మీ హాజరు పోవద్దని” అంది. ఆ గుంటలో ఏదో జిగురు పోసి ఆరబెడితే, నా వేలిగీతలు ఉన్న పల్చటి తొడుగు తయారైంది. కుట్టుసామాన్లు పెట్టుకునే అరల డబ్బా ఒకటి ఉండేది ఆమె దగ్గర. అందులో ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, ఒక్కో అరలో ఒక్కో వేలు, దాని పక్కన నంబరు చీటీ. మల్లెపూల వాసన పౌడరు. మూత తీయగానే పెళ్ళింట్లో అడుగుపెట్టినట్టు వాసన వచ్చేది, లోపల చూస్తే వరసగా వేళ్ళు.

మా యూనివర్సిటీ చాంద్రాయణగుట్ట దాటి దక్షిణంగా చాలా దూరం వెళ్ళాక, ఒకప్పుడు కోళ్ళఫారాలు ఉన్న నేలలో ఉంటుంది. మొదట అది ఒక్క బిల్డింగు ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ. ఆ తర్వాత ఫార్మసీ వచ్చింది, లా వచ్చింది, వ్యవసాయం కోర్సు కూడా వచ్చింది. ప్రతి వేసవి సెలవుల్లో ఒక బ్లాకు లేచేది. బిల్డింగు లేచినంత తొందరగా పాఠం చెప్పేవాళ్ళు పుట్టరు కదా. అంత దూరం, ఆ జీతానికి, పెద్ద చదువులు చదివినవాళ్ళు ఎవరొస్తారు? పైన పటారం, లోన లొటారం. మూడో అంతస్తులో పొడుగాటి వరండా, రెండువైపులా గదులు, తలుపుల మీద మెరిసే పేరుపలకలు. నేనున్న నాలుగేళ్ళలో ఆ పేర్లలో సగానికి ముఖాలు చూడలేదు. అయినా పొద్దున్నే ఆయా వచ్చి అన్ని గదుల్లో లైట్లు వేసి, ఫ్యాన్లు తిప్పి, ఒక్కో టేబుల్ మీద ఒక్కో నీళ్ళసీసా పెట్టి పోయేది. మూసిన తలుపుల వెనక అన్ని ఫ్యాన్లూ తిరుగుతుంటే ఆ వరండాలో ఒక్కదాన్నే నడవడం నాకు బొత్తిగా నచ్చేది కాదు.

అలాగని ఊరికే తిట్టిపోస్తే పాపం తగులుతుంది. మా బస్సు అఫ్జల్‌గంజ్‌లో బయల్దేరి పాతబస్తీ గల్లీల మొదళ్ళన్నీ తిరిగేది. మూసీ దాటి చదువుకు పంపని ఇళ్ళవాళ్ళు, బస్సు ఇంటి ముందుకే వస్తోంది కదా అని ఆడపిల్లలను పంపారు. అమ్మాయి గేటు దగ్గర మిషన్ మీద వేలు పెట్టగానే ‘క్షేమంగా చేరింది’ అని ఇంటికి మెసేజ్ పోయేది, టైముతో సహా. ఆ మెసేజ్ చూపించి ఎంతమంది తల్లులు ఇంట్లో మగవాళ్ళను ఒప్పించారో ఆ పిల్లలే నాకు చెప్పారు. వాళ్ళంతా వాళ్ళ ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళు. తప్పుల్లేకుండా ఒక పేరా ఇంగ్లిష్ రాసి చూపించిన రోజు వాళ్ళ ముఖాలు చూడాలి. వాళ్ళ కోసమే అక్కడ ఉన్నానని అందరికీ చెప్పేదాన్ని. అది సగం నిజం. మిగతా సగం బీరువాలో ఉంది.

అదే మిషన్ మా హాజరుకు కూడా. మేం వేలు పెడితే మెసేజ్ మా ఫోన్లకే వచ్చేది. దాన్ని చూసి రోజూ నవ్వేది కెమిస్ట్రీ మేడమ్. ఆమె చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద బస్సెక్కి నా పక్కన కూర్చునేది. సన్నటి మనిషి, ముక్కుమీద నుంచి జారిపోయే కళ్ళజోడు, దాన్ని చూపుడువేలితో పైకి తోసుకోకుండా ఒక్క వాక్యం పూర్తిచేసేది కాదు.

“చూస్తున్నరా మేడమ్, నేను వచ్చిన సంగతి నాకే చెప్తున్నరు. లేకుంటే నాకెట్ల తెలుస్తది?” అనేది.

మూసీ ఒడ్డు బస్తీల్లో బోరునీళ్ళలో సీసం ఎంత ఉందన్నది ఆమె పీహెచ్‌డీ. ఆ నీళ్ళ కథ వినీ వినీ నాకు కంఠతా వచ్చేసింది. “నీళ్లు అబద్ధమాడయి మేడమ్, సీసా మీద చీటీయే ఆడతది” అనేది మాటిమాటికీ. ఇంట్లో ఆమె, వాళ్ళమ్మ, ఇద్దరే. వాళ్ళమ్మ ప్రభుత్వ ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది.

ఒక వానాకాలం గురువారం జ్వరమని సెలవు పెట్టింది. డెంగీ అన్నారు. మంగళవారానికి మనిషి లేదు. సమాధుల తోటలో నా చేత్తో మట్టి వేశాను. తడి మట్టి గోళ్ళలో ఇరుక్కుని రెండు రోజులు పోలేదు.

మూడు వారాల తర్వాత నెల హాజరు పట్టీ గోడకు అంటించారు. నా పేరు వెతుకుతుంటే ఆమె పేరు కనిపించింది. ఒక్క రోజు కూడా నాగా లేదు. పాతది అంటించారేమోనని తేదీ చూశాను. కొత్తదే. జ్వరంతో సెలవు పెట్టిన రోజులు కూడా నిండిపోయాయి. మూడో అంతస్తుకు పోయి ఆమె గది తలుపు తోశాను. ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, టేబుల్ మీద నీళ్ళసీసా సగం ఖాళీ అయి ఉంది. ఆయా తాగి ఉంటుంది. అడగాలనిపించలేదు.

నేరుగా ఏవో, అంటే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ గారి దగ్గరికి పోయాను. కాలేజీ వ్యవహారాలన్నీ చూసేది ఆయనే. గొంతు పెంచడం ఎరగని మనిషి, అందరినీ ‘అమ్మా’ అని పిలుస్తాడు.

“సార్, ఆమె చచ్చిపోయింది” అన్నాను.

“తెలుసమ్మా. మాకు గూడ మస్తు బాధనిపించింది. కూర్చోండి, చాయ్ తాగండి.”

“మరి రోజూ హాజరు ఎట్ల పడుతున్నది?”

“తనిఖీ కమిటీవాళ్లు వస్తే ఇంతమంది పిల్లలకు ఇంతమంది సార్లు అని లెక్క చూపియ్యాలె కదమ్మా. కెమిస్ట్రీల పీహెచ్‌డీ ఎవరూ దొరుకుతలేరు. దొరికేదాక ఉంటది ఆమె. మనకైతే తెలుసు పోయిందని. వాళ్లకు తెల్వదు కదా.”

స్టాఫ్‌రూముకు వచ్చి నోటికొచ్చినట్టు అరిచాను. అందరూ నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టు కూర్చున్నారు. వాళ్ళ తప్పు కూడా కాదు, అందరి తలకాయలూ అదే బీరువాలో ఉన్నాయి. నాలుగు రోజులు అరిచి నేనూ ఊరుకున్నాను. నెల తిరిగాక వాళ్ళింట్లో ప్రార్థన పెడితే పోయాను గానీ, ఆ తర్వాత వాళ్ళమ్మకు ముఖం చూపించలేకపోయాను. మీ బిడ్డ రోజూ కాలేజీకి వస్తోంది ఆంటీ అని ఎట్లా చెప్పను?

ఏడాది గడిచింది. సర్కారు జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ లెక్చరర్ పోస్టుకు పరీక్ష రాస్తే, నాకు ఉద్యోగం వచ్చింది. వయసు దాటిపోతోంది, ఇంకో అవకాశం లేదు. సోమవారం పొద్దున పదింటికి సర్టిఫికెట్ల పరిశీలన, ఒరిజినల్స్ తేవాలని కాగితంలో రాశారు. తేలేకపోతే తర్వాతి పేరు పిలుస్తారు. బాపు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి, “ఇప్పుడు చూడు బిడ్డా, తలకాయ ఎట్ల తెచ్చుకుంటవో” అన్నాడు.

ఏవో గారికి రాజీనామా ఇచ్చి నా కవరు అడిగాను. ఆయన కాగితం పక్కన పెట్టి చాయ్ తెప్పించాడు.

“శుక్రవారం కమిటీ వస్తున్నదమ్మా. ఆ ఒక్క రోజు సాయం చేయండి. సాయంత్రం మీ కవరు మీ చేతుల పెట్టి పంపిస్త.”

“ఏం సాయం సార్?”

“ఇంగ్లిష్‌కు మనుషులున్నరు. కెమిస్ట్రీకే తక్కువ పడుతున్నరు. మీదీ ఆమెదీ ఒకటే వయసు, ఒకటే ఎత్తు. కార్డు మీద ఫొటో ఎట్లాగూ మసకే. ఆమె గదిల కూర్చుంటే చాలు.”

లేచి నిలబడ్డాను. తిట్టడానికే నిలబడ్డాను. నిలబడి, “సాయంత్రం తప్పకుండా ఇస్తారు కదా?” అన్నాను. నా నోటి నుంచే వచ్చింది ఆ మాట.

శుక్రవారం పొద్దున బస్సు దిగేసరికి యూనివర్సిటీ గుర్తుపట్టలేనట్టుంది. లారీల్లో పూలకుండీలు దిగాయి. లైబ్రరీలోకి ఎక్కడివో పుస్తకాలు మోస్తున్నారు. మిషన్ దగ్గర ఆఫీసు అమ్మాయి అరల డబ్బాతో నిలబడి ఉంది. ఒక్కొక్క వేలూ తీసి చకచకా మిషన్ మీద పెడుతోంది, ప్రతిదానికీ మిషన్ ఆడగొంతుతో “థాంక్యూ” అంటోంది. నన్ను చూసి కెమిస్ట్రీ మేడమ్ కార్డు నా మెడలో వేసింది.

“మీరే వేసేయండి మేడమ్, ఇప్పుడు మీరే కదా” అని ఆ తొడుగు నా చేతిలో పెట్టింది. వెటకారమేమీ లేదు ఆ మాటలో. తొందరలో ఉంది, అంతే.

చల్లగా ఉంది. నా వేలికి కొంచెం బిగుతైంది, ఆమె వేళ్ళు సన్నవి. మిషన్ మీద పెట్టాను. “థాంక్యూ” అంది. గోడ మీద గడియారం తొమ్మిది పదిహేడు చూపిస్తోంది. తీసేశాక కూడా ఆ బిగువు వేలిని పట్టుకునే ఉంది.

ఆమె కుర్చీలో కూర్చున్నాను. పక్క గదుల్లో కూడా ఎవరెవరో కూర్చున్నారు, ఎవరి పేరు మీదో. ఆయా వచ్చి నీళ్ళసీసా పెట్టి, నా ముఖం చూసి, మెడలో కార్డు చూసి, ఏసయ్యా అని గొణుక్కుంటూ పోయింది. పదకొండింటికి కమిటీ వచ్చింది. వాళ్ళలో పెద్దాయన తలుపు దగ్గరే నిలబడి, నా పీహెచ్‌డీ దేని మీద అని అడిగాడు.

చెప్పాను. మూసీ ఒడ్డు బస్తీలు, బోరునీళ్ళు, సీసం, వానాకాలం ఎక్కువ, ఎండాకాలం తక్కువ, బస్సులో విన్నది విన్నట్టు వచ్చేస్తోంది. ఎక్కడా తడుముకోలేదు. “నీళ్లు అబద్ధమాడయి సార్” అన్నాను. నేను సాయంత్రం ఇంట్లో మాట్లాడే మాట వేరు, కాలేజీలో మాట్లాడే మాట వేరు. ఇది మాత్రం అచ్చం ఆమె మాట్లాడినట్టే వచ్చింది. ఆయన మెచ్చుకోలుగా తలూపి పోయాక గమనించాను, నా చూపుడువేలు ముక్కుమీద ఉంది. కళ్ళజోడు పైకి తోసుకుంటోంది. నాకు కళ్ళజోడు లేదు. నాకు భయమేసింది. నిజంగా, చిన్నపిల్లలా భయమేసింది, లేచి ఫ్యాను ఆపేసి కిటికీ తెరిచాను.

సాయంత్రం సర్టిఫికెట్ల సెక్షన్ ముందు నిలబడ్డాను. వచ్చిన మేడమ్ కవరు ఇచ్చేయమని ఏవో గారు ముందే చెప్పి ఉంచారట. పెద్దాయన నా మెడలో కార్డు పట్టుకొని కంటి దగ్గరికి లాక్కొని చదివి, బీరువా తెరిచి ఆకుపచ్చ కవరు ఇచ్చాడు. “ముబారక్ బేటీ” అన్నాడు. బస్సు కదిలిపోతుందని పరుగెత్తాను. సీట్లో కూర్చుని ఊపిరి పీల్చుకున్నాక కవరు విప్పితే, గుండుసూదితో గుచ్చిన పాస్‌పోర్టు ఫొటోలోంచి కెమిస్ట్రీ మేడమ్ నన్ను చూస్తోంది.

కార్డు తీయడం నేను మరిచిపోయాను. ముఖం చూడడం ఆయనకు అలవాటు లేదు. బీరువా ఎవరిని వదిలిందయ్యా అంటే, చచ్చిపోయిన మనిషిని.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏవో గారికి ఫోన్ చేశాను. కమిటీకి విందు నడుస్తోంది కాబోలు, ఎత్తలేదు. మర్నాడు శనివారం, సగం పూట ఆఫీసు ఉంటుంది. ఈ కవరు తీసుకుపోయి ఇచ్చేస్తే నాది నాకు ఇస్తారు. కానీ ఇది మళ్ళీ ఆ బీరువాలోకే పోతుంది. కూతురి కాగితాలు తల్లికి చేరే దారి ఇంకోసారి తెరుచుకోదు. ఆంటీకి ఇచ్చేశానంటే, “అది తెచ్చి ఇది తీస్కపోండమ్మా” అని ఏవో గారు మెత్తగా అంటారు, నా సోమవారం పోతుంది. బస్సు చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కిందికి వచ్చేసరికి, ఆమె దిగే చోట నేను దిగాను. ఆలోచించి దిగలేదు.

ఏడాది తర్వాత గుమ్మంలో నిలబడితే ఆంటీ ఒక్క నిష్ఠూరం మాట అనలేదు. లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చింది. గోడమీద ఏసుప్రభువు క్యాలెండరు, దాని పక్కన దండ వేసిన ఫొటో, కింద అరలో ఛార్జింగుకు పెట్టిన కెమిస్ట్రీ మేడమ్ ఫోను.

“ఫోను ఇంకా నడుస్తున్నదా ఆంటీ?”

“నడవాలె కద. పొద్దుగాల మెసేజ్ వస్తది” అంది. ఫోను తీసి నాకు చూపించింది. మీ హాజరు నమోదైంది, మీ హాజరు నమోదైంది, కిందికి జరుపుతుంటే ఏడాది పొడుగూతా అదే. “రోజు తొమ్మిదిలోపల్నే చేరుతుండె. ఇయ్యాల జర ఆలస్యమైంది. తొమ్మిది పదిహేడు.”

దాచుకోవడం నా వల్ల కాలేదు. మైనం, తొడుగులు, పౌడరు డబ్బా, కమిటీ, అన్నీ చెప్పేశాను. ఇయ్యాల వేసింది నేనే ఆంటీ, నా వేలికి పెట్టుకొని నేనే వేశాను అని ఏడ్చాను. కొడుతుందేమో అనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. “గీ వేలేనా?” అని బొటనవేలు తన అరచేతిలోకి తీసుకుంది. గోరు మూలల్లో ఇంకా తెల్లగా పౌడరు ఉంది. చాలాసేపు వదల్లేదు. వేలు నొప్పి పుట్టేదాకా పట్టుకుంది, ఆ తర్వాత కూడా పట్టుకుంది.

“నాకు తెల్వదనుకున్నవా? ముప్పై ఏండ్లు ఆస్పత్రిల పీనుగులకు నీళ్లు పోసిన. నా బిడ్డకు గూడ నేనే పోసిన. పోయినోళ్లు రారు, నాకెవ్వరూ చెప్పేది లేదు” అంది. “గని పొద్దుగాల గా ఫోను మోగుతది. మోగినంక నేను బువ్వ వండుకుంట.”

సంచిలోంచి కవరు తీసి ఆమె ముందు పెట్టాను. “ఇవి మీవి ఆంటీ. ఇంకెప్పుడూ బయటికి రావు. ఉంచుకోండి” అన్నాను. నా సోమవారం సంగతి చెప్పకూడదనుకున్నాను, కానీ ఇవి ఎట్లా వచ్చాయని ఆమె అడిగితే అదీ చెప్పక తప్పలేదు. ఆమె పదో తరగతి మెమో ఒక్కటి బయటికి తీసింది. అంకెలు తప్ప చదవడం రాదు, వేలితో పేరున్న చోటు తడిమి లోపల పెట్టేసింది.

“గివి ఈడ ఉంటే, ఆడ ఆమె పేరు కొట్టేస్తరా?”

“ఒరిజినల్స్ లేకుంటే చూపించలేరు. కొట్టేయాల్సిందే.”

“అయితే వద్దు” అంది వెంటనే. కవరు నా ఒళ్ళో పెట్టింది. “రేపు తీస్కపోయి ఎక్కడియక్కడ పెట్టు బిడ్డా. నీవి నువ్వు తెచ్చుకో.”

బరువు దిగినట్టయింది నాకు. అలా అనిపించినందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి, కానీ నిజం అదే, గుండె తేలికైపోయింది. శనివారం పోయి కవర్లు మార్చుకున్నాను. పెద్దాయన చెవులు పట్టుకొని “మాఫ్ కరో బేటీ” అన్నాడు, ఈసారి కూడా నా ముఖం చూడలేదు. సోమవారం పదింటికి నా కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు.

సర్కారు కాలేజీ మా ఇంటికి నడిచిపోయేంత దూరం. చేరిన మొదటి రోజు హాజరు పిలుస్తుంటే నా ఫోను మోగింది. యూనివర్సిటీ మెసేజ్. నా హాజరు నమోదైందట, ఎనిమిది యాభై నాలుగుకి. కాగితాలు నా దగ్గరే ఉన్నా, మళ్ళీ కమిటీ వచ్చేదాకా నా పేరు కొట్టేయరన్నమాట. మర్నాడు మళ్ళీ వచ్చింది. నేను ఇక్కడ పాఠం చెబుతుంటే అక్కడ నా గదిలో ఫ్యాను తిరుగుతోంది, నీళ్ళసీసా సగం అవుతోంది. ఇంటికొచ్చి చిందులు తొక్కితే, బాపు అటక మీది టైపు మిషన్ దించి కాగితం ఎక్కించాడు.

“చెప్పు. ఎవరి పేరు మీద పెట్టాలె ఫిర్యాదు? ఇంకా ఎవరెవరి దొంగ హాజరు పడుతున్నది, అన్ని రాయాలె. సగం రాస్తే నిలవదు.”

అన్నీ రాస్తే ఆ ఫోను మోగడం ఆగిపోతుంది. ఒక్క లైను కొట్టాక, వద్దు బాపు అన్నాను. ఆయన నా ముఖం చూసి, ఏమీ అడగకుండా కాగితం లాగేశాడు. ఆ తర్వాత రోజూ పొద్దున నేను అక్కడికి క్షేమంగా చేరుతూనే ఉన్నాను.

మొన్న వానలు మొదలైన వారంలో రెండు రోజులు నాకు మెసేజ్ రాలేదు. పాత స్నేహితులకు ఫోన్ చేస్తే, కొత్త నిబంధన వచ్చిందన్నారు. వేలు ఇక పనికిరాదు, కెమెరా ముందు ముఖం చూపించాలి. నా పీడ వదిలిందని సంతోషపడేలోపలే ఇంకొకరి సంగతి గుర్తొచ్చింది.

ఆ పొద్దున క్లాసులోకి అడుగుపెడుతుంటే ఫోను మోగింది. తెర మీద ‘కెమిస్ట్రీ మేడమ్’ అని పడింది. ఆ నంబరు తీసేయడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. పిల్లలు లేచి నిలబడి గుడ్ మార్నింగ్ చెబుతుంటే వరండాలోకి వచ్చి ఎత్తాను.

“నిన్న రాలే. ఇయ్యాల గూడ రాలే బిడ్డా” అంది ఆంటీ. గొంతులో ఏడుపు లేదు. వెనక నుంచి స్టవ్వు చప్పుడు గానీ, గిన్నె చప్పుడు గానీ ఏమీ లేదు. “పదైతున్నది. బియ్యం కడిగి పెట్టుకొని కూసున్న.”

మిషన్ మారింది ఆంటీ అని చెప్పాలి. ముఖం కావాలట అని చెప్పాలి. నోరు తెరిచాను.

“చేరింది ఆంటీ” అన్నాను.

నేను అబద్ధమాడానని ఆమెకు తెలుసు, తెలుసని నాకూ తెలుసు.

“ఎన్ని గంటలకు?” అంది.

“ఎనిమిది యాభై రెండుకు.”

“ఇయ్యాల జల్ది పోయిందన్నట్టు” అంది. స్టవ్వు వెలిగించిన చప్పుడు వినిపించింది. “రేపు గూడ చూసి చెప్పు బిడ్డా” అని ఫోను పెట్టేసింది.